పాల కేంద్రంలో కార్డ్‌లెస్ ఫోను: వాడకం, లోపాలు, జాగ్రత్తలు

సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, శీతలీకరణ కేంద్రాల సిబ్బంది ఈ పాఠాన్ని ఒకసారి కూర్చుని కలిసి చదువుకొనవలెనని మనవి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పరిస్థితులను దృష్టిలో పెట్టుకొని దీనిని వ్రాయడమైనది.

పిండిన పాల వేడి సుమారు 37 డిగ్రీలు. దానిని వీలైనంత త్వరగా 4 డిగ్రీలకు దించవలెనని మనందరికీ తెలుసు. వెచ్చని పాలలో సూక్ష్మజీవులు ఒకసారి పెరగడం మొదలైతే 20 నుండి 30 నిమిషాలకు ఒకమారు రెట్టింపవుతాయి. అరగంటకు ఒక రెట్టింపు అనుకొన్నా, 4 గంటలలో 8 రెట్టింపులు జరిగి ఒకటి 256 అవుతుంది. కంప్రెసరు ఆగిపోయిన కబురు 10 నిమిషాలలో అందడానికి, గంటన్నర తర్వాత అందడానికి ఎంత తేడా ఉన్నదో ఈ లెక్కను బట్టి గ్రహించవచ్చును.

కబురు అందక క్యాను విరిగితే ఆ నష్టం ఎవరిది? కోసిగి వైపునుండో, కౌతాళం వైపునుండో తెల్లవారుజామున లేచి పాలు పోసిన సభ్యురాలిది. ఆమె పాలు మంచివే. కొలత సరిపోయింది, వెన్న శాతం సరిపోయింది. కాని క్యాను వాపసు వచ్చినపుడు సంఘం లెక్కలో పడే నష్టం చివరికి ఆమె బోనసులోనే తగ్గుతుంది. అందువల్ల కేంద్రంలోని ఫోనును కూడా లాక్టోమీటరు, క్యాను, కూలరులతో సమానమైన పనిముట్టుగా చూడవలెను.

సెల్‌ఫోన్లు ఉండగా ఇది ఎందుకు?

ఈ ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వస్తుంది. జవాబులు మూడు. మొదటిది, సెల్‌ఫోను ఉద్యోగిది. డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళినపుడు అదీ వెళ్ళిపోతుంది. సంఘం పేర ఉన్న నెంబరు సంఘంలోనే ఉంటుంది. రెండవది, రేకుల షెడ్డు, కోల్డ్ రూము, స్టీలు ట్యాంకుల నడుమ సెల్ సిగ్నలు చాలా చోట్ల అందదు. మూడవది, పాలు దింపే అరుగు, ల్యాబు, కంప్రెసరు గది, గేటు మధ్య లోపలి పిలుపులకు కార్డ్‌లెస్ ఫోనుకు బయటి లైనుతో పని లేదు. లైను తెగినా, ఖర్చు లేకుండా, ఒక హ్యాండ్‌సెట్ నుండి మరొక హ్యాండ్‌సెట్‌కు మాట్లాడవచ్చును.

ఫోను ఆఫీసు బల్లమీద మోగుతుంటే, అరుగుమీద క్యాన్ల చప్పుడులో ఉన్న ఆపరేటరుకు వినపడదు. ‘కరెంటు వచ్చిందా, క్యాన్లు పంపవచ్చునా’ అని గ్రామ సంఘం కార్యదర్శి అడిగే పిలుపు అదే కావచ్చును. జవాబు రాక ఆయన క్యాన్లను ఎండలో నిలిపి ఉంచుతాడు. నడుముకు తగిలించుకొనే ఫోను ఈ కొరతను తీరుస్తుంది.

పనిచేసే విధానం

ఇందులో రెండు భాగాలు ఉన్నవి. గోడకు ఉండే బేస్ పెట్టె టెలిఫోను లైనుకు, కరెంటుకు కలిపి ఉంటుంది. చేతిలోని హ్యాండ్‌సెట్ రేడియో తరంగాల ద్వారా బేస్‌తో మాట్లాడుతుంది. నేడు ఎక్కువగా వాడే పద్ధతి పేరు డెక్ట్. యూరపు ప్రమాణాల సంస్థ దీనిని 1992లో ప్రకటించింది. ఇది 1880 నుండి 1900 మెగాహెర్ట్‌జ్ మధ్య పనిచేస్తుంది. ఆరుబయట సుమారు 300 మీటర్లు, గోడల మధ్య సుమారు 50 మీటర్లు అందుతుందని తయారీదారులు చెబుతారు. స్టీలు, ఇనుప రేకులు ఉన్నచోట అంతకంటె తగ్గుతుంది.

ఇక్కడ మన దేశపు అనుభవమొకటి చెప్పుకోవలెను. 1990 దశకంలో మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులు అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం, మిడాస్ అనే సంస్థతో కలిసి, ఈ డెక్ట్ పద్ధతి ఆధారంగానే ‘కార్‌డెక్ట్’ అనే గ్రామీణ టెలిఫోను ఏర్పాటును తయారు చేసింది. ఎత్తయిన స్తంభంమీద యాంటెన్నా నిలిపి, ఎదురుగా అడ్డు లేకుండా చూస్తే, 10 కిలోమీటర్ల దూరానికి కూడా మాట అందింది. అదే జాతి రేడియో మన షెడ్డులో 40 మీటర్లకే తెగిపోవచ్చును. తేడా అంతా ఎత్తులోను, అడ్డులోను ఉన్నది. ఈ ఒక్క మాట గుర్తుంచుకొంటే సగం లోపాలు మెకానిక్కు రాకముందే తీరుతాయి.

కొనేముందు చూడవలసినవి

గట్టి ఫోను అని అట్టపెట్టెమీద వ్రాసి ఉంటే చాలదు. ‘ఐ.పి.’ అనే అక్షరాల ప్రక్కన రెండు అంకెలు ఉంటాయి. మొదటి అంకె దుమ్మును, రెండవ అంకె నీటిని ఆపే శక్తిని తెలుపుతుంది. మొదటి అంకె 6 అంటే దుమ్ము ఏమాత్రం చొరబడదని అర్థం. రెండవ అంకె 4 అయితే నీటి తుంపరలను, 5 అయితే పైపుతో కొట్టిన నీటిని తట్టుకుంటుంది. 7 అయితే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉన్నా లోపలికి నీరు పోదు. అరుగుమీద వాడే ఫోనుకు ఐ.పి. 65 ఉండవలెను. ఆఫీసులో ఉండే రెండవ హ్యాండ్‌సెట్‌కు అంత అవసరం లేదు. అక్కడ డబ్బు ఆదా చేయవచ్చును.

ఈ పరీక్షలు మంచినీటితో చేసినవి. కాస్టిక్ సోడా ద్రావణం, నైట్రిక్ ఆమ్లం, ఆవిరి వీటికి అవి హామీ కావు. ఛార్జింగు రంధ్రపు రబ్బరు మూత తెరచి ఉన్నా, బ్యాటరీ మూత మరలు వదులైనా ఆ అంకెలకు విలువ లేదు.

బెల్టుకు తగిలించే క్లిప్పు, గట్టిగా మోగే గంట, వణికే ఏర్పాటు, చెవికి పెట్టుకొనే హెడ్‌సెట్‌కు చోటు ఉన్నవో లేవో చూడవలెను. కంప్రెసరు గదిలో గంట వినపడదు, వణుకు తెలుస్తుంది.

మరొక ముఖ్య విషయం. అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చి ఇచ్చిన కార్డ్‌లెస్ ఫోనును సంఘానికి విరాళంగా ఇచ్చేవారు ఉన్నారు. వారి అభిమానానికి వందనం. కాని అక్కడ ‘డెక్ట్ 6.0’ పేర అమ్మే ఫోన్లు 1920 నుండి 1930 మెగాహెర్ట్‌జ్ మధ్య పనిచేస్తాయి. మన దేశంలో ఆ భాగం సెల్‌ఫోను కంపెనీలకు కేటాయించిన 1920–1980 శ్రేణిలో పడుతుంది. ఆ ఫోను వాడితే చుట్టుప్రక్కల సెల్ టవరుకు అంతరాయం కలుగుతుంది. అది చట్టరీత్యా కూడా చిక్కే. పైగా దాని అడాప్టరు 120 వోల్టులకు మాత్రమే చేసినదైతే మన 230 వోల్టులకు కాలిపోతుంది. మన దేశంలో అమ్మకానికి ధ్రువీకరణ పొందిన ఫోనునే, సంఘం పేర బిల్లుతో కొనవలెను.

బేస్ ఎక్కడ పెట్టవలెను?

చాలా కేంద్రాలలో బేస్‌ను బీరువా వెనుక, కిటికీ ఊచల ప్రక్కన, లేదా టెలిఫోను తీగ ఎక్కడ వచ్చిందో అక్కడే పెడుతున్నారు. ఇది సరికాదు. నేల నుండి 2 మీటర్లకు తగ్గని ఎత్తున, అరుగు కనపడే గోడకు, ఇనుప సామానుకు దూరంగా బిగించవలెను. వైఫై పెట్టె, జనరేటరు ప్యానెలు, మోటారు స్టార్టరుల నుండి కనీసం రెండు మూడు మీటర్ల ఎడం ఉంచితే మంచిది.

చోటు నిర్ణయించడానికి నడక పరీక్ష చేయవలెను. ఒకరు హ్యాండ్‌సెట్ పట్టుకొని అంకెలు లెక్కిస్తూ కేంద్రమంతా నడుస్తారు. మరొకరు ఆఫీసులో విని, మాట తెగిన చోటును కాగితంమీద గీసిన కేంద్రం పటంలో గుర్తుపెడతారు. దీనిని మూడు సమయాలలో చేయవలెను: షట్టర్లు మూసినపుడు, కంప్రెసరు నడుస్తున్నపుడు, ట్యాంకరు అరుగు దగ్గర నిలిచినపుడు.

మూడవ పరీక్షను మరువరాదు. ‘ఉదయమంతా బాగానే ఉంటుంది, సరిగ్గా పని ఒత్తిడి వేళకే తెగిపోతుంది’ అనే ఫిర్యాదుకు కారణం తరచుగా ఆ ట్యాంకరే. బేస్‌కు, ఆపరేటరుకు మధ్య నిలువెత్తు స్టీలు గోడ వచ్చి నిలబడినట్లు అవుతుంది. బేస్‌ను ఒక మీటరు ఎత్తు పెంచినా, అరుగు రెండవ కొసకు మార్చినా ఇది తీరవచ్చును.

ఎత్తు, చోటు మార్చినా చాలకపోతే రిపీటరు పెట్టవచ్చును. దీనిని మాట అందని చోట పెట్టడం పొరపాటు. బేస్ మాట ఇంకా బాగా అందుతున్న చోట, సగం దారిలో పెట్టవలెను. తాను వినలేనిదాన్ని రిపీటరు మరొకరికి వినిపించలేదు.

కోల్డ్ రూము గోడలకు రెండు వైపులా లోహపు రేకులు ఉంటాయి. తలుపు మూస్తే లోపల ఫోను పనిచేస్తుందని నమ్మరాదు. ఒంటరిగా లోపలికి వెళ్ళే మనిషి, వెళ్ళేముందు బయట ఒకరికి చెప్పి వెళ్ళవలెను. లోపలినుండి తెరిచే గొళ్ళెం, లోపలి గంట పనిచేస్తున్నవో లేదో వారానికొకసారి చూడవలెను. ఫోను ఉన్నదని ఆ జాగ్రత్త మానరాదు.

కరెంటు పోయినపుడు

రాగి తీగతో వచ్చే పాత టెలిఫోనుకు ఎక్స్ఛేంజి నుండే కరెంటు వస్తుంది. అందుచేత కేంద్రంలో కరెంటు లేకున్నా అది మోగుతుంది. కార్డ్‌లెస్ బేస్‌కు మన కరెంటే కావలెను. ఫైబరు లైను వచ్చినచోట గోడకు ఉన్న మోడెంకు కూడా మన కరెంటే కావలెను. కరెంటు పోయిన క్షణమే ఫోను అత్యవసరం. ఆ క్షణమే అది ఆగిపోతే ప్రయోజనమేమి? కాబట్టి బేస్‌ను, మోడెంను చిన్న యు.పి.ఎస్.కు గాని ఇన్వర్టరుకు గాని కలపవలెను. రాగి లైను ఉన్న కేంద్రాలు ఒక తీగ ఫోనును తప్పక ఉంచుకొనవలెను.

బ్యాటరీ, ఎండ, చలి

ఎక్కువ హ్యాండ్‌సెట్లలో 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు రెండు ఉంటాయి. అవి రెండు మూడేళ్ళ తర్వాత నీరసిస్తాయి. రెండింటినీ ఒకేసారి, ఒకే రకంవి మార్చవలెను. గడియారంలో వేసే మామూలు సెల్లులను వేయనే కూడదు. ఛార్జి ఎక్కించినపుడు అవి కారి, పగిలి ప్రమాదం తెస్తాయి.

మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకు కింద వేడి ఇంకా ఎక్కువ. ఈ సెల్లులకు 45 డిగ్రీలకు మించిన వేడిలో ఛార్జి ఎక్కిస్తే ఆయువు త్వరగా తీరుతుంది. ఛార్జరును జనరేటరు గదిలోను, పడమటి కిటికీ దగ్గర ఎండ పడేచోటను ఉంచరాదు. ల్యాబులోని నీడ బల్ల మంచిది.

4 డిగ్రీల కోల్డ్ రూములో ఫోను పాడుకాదు గాని బ్యాటరీ త్వరగా దిగుతుంది. అక్కడినుండి ఎండలోకి తెచ్చినపుడు చల్లని సీసాకు చెమట పట్టినట్లు ఫోనుకూ పడుతుంది. వెంటనే ఛార్జరుమీద పెట్టక, పొడి గుడ్డతో తుడిచి, కాసేపు ఆరనివ్వవలెను.

శుభ్రత

ఫోను పట్టిన చేతితోనే క్యాను మూత తీస్తాము. అందుచేత ఫోను మురికి పాల మురికే. డ్యూటీ మారిన ప్రతిసారీ, పిండిన తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఒత్తవలెను. కాస్టిక్ నీళ్ళలో ముంచరాదు, ఆవిరి పట్టరాదు, క్లోరిను నీళ్ళు కాంటాక్టులకు తగలనీయరాదు. తెరచిన క్యానుమీద వంగి ఫోనులో మాట్లాడరాదు. ఫోను క్యానులో పడితే ఫోను ఒక్కటే కాదు, ఆ క్యాను పాలూ పోయినట్లే.

పత్తి మిల్లుల దగ్గర ఉన్న కేంద్రాలలో గాలిలో దూది నూగు ఎగురుతుంది. దాణా గోదాములో తవుడు దుమ్ము. ఇవి మైకు రంధ్రాన్ని మూసివేస్తాయి. మెత్తని బ్రష్షుతో దులపవలెను. గుండుసూదితో పొడవరాదు, లోపలి నీటి పొర చిరుగుతుంది.

లోపం కనుగొనే పద్ధతి

సూత్రం ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చి చూడవలెను. నాలుగు తీగలు, రెండు బ్యాటరీలు ఒకేసారి మారిస్తే, ఫోను బాగైనా కారణం తెలియదు; మరుసటి నెల మళ్ళీ అదే చిక్కు.

1. అన్ని హ్యాండ్‌సెట్లూ ‘బేస్ కోసం వెదుకుచున్నది’ అని చూపితే తప్పు బేస్‌లో ఉన్నది. దాని కరెంటు దీపం చూడండి. ప్లగ్గు తీసి, నిమిషం ఆగి, తిరిగి పెట్టండి. ఒక్క హ్యాండ్‌సెట్ మాత్రమే అలా చూపితే తప్పు దానిదే. బ్యాటరీ తీసి వేసి, తర్వాత బేస్‌తో తిరిగి నమోదు చేయండి. నమోదుకు అడిగే రహస్య సంఖ్య చాలా ఫోన్లలో 0000 అని ఉంటుంది.

2. ఛార్జి నిండినట్లు చూపి, పది నిమిషాల మాటకే ఆరిపోతే, రెండు హ్యాండ్‌సెట్ల బ్యాటరీలు పరస్పరం మార్చండి. లోపం బ్యాటరీతోపాటు మారితే బ్యాటరీదే. మారకపోతే హ్యాండ్‌సెట్‌ది.

3. ఛార్జింగు దీపం వెలగకపోతే, ముందు కాంటాక్టులు చూడండి. ఎండిన పాల పొర కంటికి కనపడదు. పొడి గుడ్డతోను, పెన్సిలు రబ్బరుతోను రుద్దండి. తర్వాత అడాప్టరు చూడండి. బేస్ అడాప్టరు, ఛార్జరు అడాప్టరు తారుమారు కావడం మామూలే. రెండింటిమీద వోల్టులు చదివి, రంగు దారం కట్టి గుర్తుపెట్టండి.

4. గరగర శబ్దం వస్తే, బేస్ దగ్గరి లైను తీసి తీగ ఫోనుకు కలపండి. అందులోనూ గరగర ఉంటే లైను లోపం. ఎక్స్ఛేంజికి ఫిర్యాదు వ్రాయండి. లేకపోతే లోపం రేడియోది. బేస్ చోటు మార్చండి.

5. అవతలివారి మాట మనకు వినపడి, మన మాట వారికి వినపడకపోతే మైకు రంధ్రం మూసుకుపోయి ఉండవచ్చును. మ్యూటు మీట నొక్కి ఉన్నదేమో కూడా చూడండి.

6. నీటిలో పడితే బ్యాటరీ తీసి, నీడలో ఒక రోజు ఆరబెట్టండి. తడి ఆరకముందు ఛార్జి పెట్టరాదు. పాలలో పడితే మెకానిక్కుకు ఇవ్వండి. పాలలోని చక్కెర, ఉప్పులు లోపల మిగిలి తీగలను తింటాయి.

7. పిడుగు తర్వాత బేస్ మూగబోతే, అడాప్టరు మార్చి చూడండి. అదీ కాకపోతే బేస్ కాలినట్లే. ఉరుములు మొదలైనపుడే కరెంటు ప్లగ్గును, లైను తీగను రెండింటినీ తీయవలెను. ఉరుముల వేళ తీగ ఫోనులో మాట్లాడడం ప్రమాదం. లైనుకు పిడుగు నిరోధకం, దానికి సరియైన ఎర్తు ఉండవలెను.

ఒక సంఘంలో కొత్త ఫోను కొనడానికి తీర్మానం సిద్ధమైంది. తనిఖీలో పాత ఫోనును చూడగా పైన చెప్పిన 3వ లోపం తప్ప మరేమీ లేదు. రబ్బరు ముక్కతో రుద్దగానే దీపం వెలిగింది. ఆ డబ్బు సంఘం ఖాతాలోనే మిగిలింది. అందుచేత ఈ 7 మెట్లు చూచినట్లు కార్యదర్శి వ్రాసి ఇవ్వనిదే, ఫోనును రద్దు సామానులో చేర్చడానికి పాలకవర్గం అంగీకరించరాదు.

వాడరాని చోట్లు

ఐ.పి. 65 అన్న గుర్తు నిప్పురవ్వ నుండి రక్షణ కాదు. ఆదోని నూనె మిల్లులతో పరిచయమున్న సభ్యులకు ద్రావకంతో నూనె తీసే ప్లాంట్ల సంగతి తెలుసు. హెక్సేను ఆవిరి ఉన్నచోటికి మామూలు ఫోను ఏదీ తీసుకుపోరాదు. అక్కడికి ప్రత్యేక అనుమతి పొందిన పరికరాలే వాడవలెను. మన సభ్యుల గోబరు గ్యాసు గుంతకూ ఇదే నియమం. మూత తీసినపుడు ఫోను దూరంగా ఉంచండి.

అమోనియా ఘాటు తగిలితే లోపల నిలబడి ఫోను చేయరాదు. ముందు గాలి వచ్చే వైపుకు బయటికి నడవండి, తోటివారిని పిలవండి, తర్వాత ఫోను చేయండి. అగ్నిమాపక కేంద్రం 101, అంబులెన్సు 108, అన్ని అత్యవసరాలకు 112. ఈ మూడు నెంబర్లతోపాటు కంప్రెసరు మెకానిక్కు, విద్యుత్ సబ్‌స్టేషను, ట్యాంకరు డ్రైవరు నెంబర్లు హ్యాండ్‌సెట్ వెనుక అంటించి ఉంచవలెను.

బాధ్యత ఎవరిది?

అందరి ఫోను ఎవరి ఫోనూ కాదు. ప్రతి డ్యూటీకి ఒక పేరు ఉండవలెను. లాగ్ బుక్కులో పాల వేడి వ్రాసే వరుస ప్రక్కనే మరొక గడి గీయండి. డ్యూటీ అప్పగించేటపుడు ఇద్దరూ ఒక పిలుపు చేసి చూచి, ఛార్జి ఎంత ఉన్నదో వ్రాసి, సంతకం చేయవలెను. దీనికి రెండు నిమిషాలు చాలు. బ్యాటరీ వేసిన తేదీని దానిమీదనే పెన్నుతో వ్రాయండి.

1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో స్థాపించిన నేతపనివారి సహకార సంఘం పేరు మన ప్రాంతంలో వినని వారుండరు. నూలు పంచినా, పాలు చల్లబరిచినా సహకార సంఘపు పని ఒక్కటే: సభ్యుని కష్టం మధ్యలో వృథా కాకుండా చూడడం. పాల విషయంలో ఆ మధ్య దారిలో ఫోను కూడా ఒక భాగం.

సమావేశంలో చర్చించుకొనవలసిన ప్రశ్నలు

1. మన కేంద్రంలో కరెంటు పోయినపుడు ఫోను ఎంతసేపు పనిచేస్తుంది? ఎవరైనా పరీక్షించి చూచారా?

2. ట్యాంకరు నిలిచి ఉండగా అరుగు రెండు కొసలలోనూ మాట అందుతున్నదా?

3. ప్రస్తుత బ్యాటరీ వేసిన తేదీ ఏది?

4. కోల్డ్ రూములోకి ఒంటరిగా వెళ్ళే మనిషి ఎవరికి చెప్పి వెళుతున్నాడు?

5. కంప్రెసరు ఆగితే మొదటి పిలుపు ఎవరికి, రెండవ పిలుపు ఎవరికి?

ఈ అయిదింటికీ సిబ్బందిలో ఎవరిని అడిగినా ఒకే జవాబు రావలెను. అట్లు రానిచోట వచ్చే నెల పాలకవర్గ సమావేశంలో ఈ విషయాన్ని మొదటి అంశంగా చేర్చి, జవాబులను తీర్మానాల పుస్తకంలో వ్రాయించగలరు.